మందు పెట్టిన చేయి

మొన్న పొద్దున వాకిట్లో మక్కలు ఆరబోస్తుంటే ఫోను మోగింది. పట్నంలోని ఆసుపత్రి నుంచి ఎవరో ఆడపిల్ల, మా ఆయన పేరు చెప్పి, అన్నం మంచిగా దిగుతోందా, నీళ్ళు తాగితే ఎక్కడైనా ఆగుతున్నాయా, పడుకుంటే పుల్లనీళ్ళు గొంతులోకి వస్తున్నాయా అని వరసగా అడగబోయింది. ఆయనకు ఆపరేషన్ అయినప్పటి నుంచి ఏడాదికోసారి వాళ్ళు ఇట్లాగే అడుగుతారు. ఆయన లేడమ్మా, పోయిన ఎండాకాలం గుండె ఆగి పోయాడని చెప్పాను. ఆ పిల్ల మెల్లగా, పోయేదాకా అన్నం బాగానే తిన్నాడా అమ్మా అని అడిగింది. తిన్నాడు, నా చేతి అన్నమే తిన్నాడు అన్నాను. అడగని ఆ రెండో మాట నేనెందుకు కలిపానో ఆ పిల్లకు ఏం తెలుస్తుంది. కామారెడ్డి, ఎల్లారెడ్డి దిక్కు కాపురాలు చేసిన నా ఈడు ఆడవాళ్ళకైతే తెలుస్తుంది. నాకు అక్షరం సంతకం వరకే వచ్చు కాబట్టి నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది.

మాది ఎల్లారెడ్డికి ఇవతల, కాలువ కింద సేద్యం. మా ఆయన తిండిపుష్టి గల మనిషి. జొన్నరొట్టె మీద పచ్చికారం వేసుకుని గట్టు మీద నిలబడే తినేవాడు, నమలడానికి కూడా తీరిక లేనట్టు. అట్లాంటివాడికి ఒక వానాకాలం మొదట్లో రొట్టె రొమ్ము దగ్గర ఆగడం మొదలైంది. అరికాల్లో ముల్లు దిగినట్టు ముఖం పెట్టి, కంచం ముందు నుంచి లేచి, రెండు చేతులూ పైకెత్తి, చెంబెడు నీళ్ళు గటగటా తాగి లోపలికి తోసుకునేవాడు. కొన్నాళ్ళకు అన్నం ఆగింది. ఆ తర్వాత ఆ తోసే నీళ్ళు కూడా ఆగి, ఒక్కోసారి అన్నీ కలిసి వెనక్కి వచ్చేవి. ఊళ్ళో సూదిమందు వేసే ఆయన గ్యాస్ అన్నాడు, గోళీలు ఇచ్చాడు. గోళీలూ దిగలేదు. నలుగురిలో కక్కుకోవాల్సి వస్తుందని మా ఆయన పెండ్లిళ్ళకూ దావత్‌లకూ పోవడం మానేశాడు. నా ముందర తినడానికి కూడా సిగ్గుపడి గోడవైపు తిరిగి కూర్చునేవాడు. పెండ్లినాటి అంగీ చిలక్కొయ్యకు తగిలించినట్టు ఒంటి మీద వేలాడింది.

మా దిక్కున మనిషి అట్లా ఎండిపోతుంటే జబ్బు పేరు ముందు రాదు, మందు పేరు వస్తుంది. ఎవరో తిండిలో ఏదో కలిపి పెట్టారని, అది పేగుకు అంటుకుని మనిషిని తినేస్తుందని నమ్మకం. మందు పెట్టడం అంటారు. పెట్టేది ఎవరంటే వడ్డించేవాళ్ళు. వడ్డించేది ఎవరంటే పెండ్లాం. ఎందుకు పెట్టిందంటే మొగుణ్ణి గుప్పిట్లో పెట్టుకోవడానికి. మా ఆయన నా మాట వింటాడని ఊరికి ముందే తెలుసు, అదే నా నేరం అయింది.

మా అత్త నన్ను ఎదురుగా ఒక్కనాడూ అనలేదు. బర్రెతో అనేది. పాలు పిండుకుంటూ, నేను చెవి పక్కనే ఉన్నానని తెలిసి, "ఒక్కపూట గడ్డేస్తె నువ్వన్న యాదిలో పెట్టుకుంటవే లచ్చీ, తిన్న కంచంలనే మందు కలిపే జాతులు పుట్టినయి" అని దాని నడుము నిమిరేది. ఆ బర్రె కూడా నావైపే చూస్తున్నట్టు ఉండేది నాకు. తర్వాత ఒకనాడు చూరు కింద ఇంకో పొయ్యి పెట్టి కొడుక్కు తానే వండడం మొదలుపెట్టింది. మా ఆయన అడ్డం చెప్పలేదు, నావైపు చూడనూ లేదు, పోయి అక్కడ కూర్చున్నాడు. ఒక ఇంట్లో రెండు పొయ్యిలు వెలిగితే ఆ పొగ ఎవరి కళ్ళలోకి పోతుందో ఆడవాళ్ళకు చెప్పనక్కర్లేదు. తల్లి వండినది కూడా దిగలేదు. దిగకపోతే నా మీది అనుమానం పోవాలి కదా అనుకున్నాను. పోలేదు. ముందు పెట్టింది గట్టిగా పట్టుకుని ఉందట, కక్కిస్తే గాని ఊడదట.

తాడ్వాయి దాటినాక ఒక ఊళ్ళో మందు కక్కించేవాడు ఉన్నాడని ఆదివారం పొద్దున మా అత్తతో కలిసి ముగ్గురం బయలుదేరాం. ముందురోజు పొద్దుగూకక ముందు నుంచే ఆయనకు ఏమీ పెట్టవద్దన్నారు, పెట్టలేదు. పెట్టినవాళ్ళ కళ్ళు పడితే మందు బయటికి రాదని నన్ను ఆటోల దగ్గరే ఆపేశారు. నాలాగే ఇంకో ఇద్దరు పెండ్లాలు అక్కడ తలలు వంచుకుని నిలబడి ఉంటే, మేము ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. కక్కించేవాడు మా ఆయనకు ఆకుపచ్చటి పసరేదో తాగించి ముందుకు వంచాడు. ప్రాణం నిలవక నేను ఆటోలు దాటి దగ్గరికి పోయేసరికి ఆయన కడుపు చేత్తో పట్టుకుని కక్కుతున్నాడు. కక్కించేవాడు మోదుగాకు మీద పుల్లతో దాన్ని విడదీసి అందరికీ చూపించాడు. గట్టిగా ముద్దకట్టిన అన్నం, తిన్నది తిన్నట్టే ఉంది.

"నిన్నటి సంది ఏం తినలేదంటున్నరు గద. మరి గీ అన్నం ఏడికెళ్ళొచ్చింది? ఇంటి చెయ్యే పెట్టింది" అన్నాడు.

అందరి తలలూ నావైపు తిరిగాయి. నేను మాత్రం ఆకువైపు చూశాను. అన్నంలో పెసర్లు కనబడుతున్నాయి. ఆ వారం నేను పెసర్లు వండనేలేదు.

"అత్తమ్మా, గవి నువ్వు శుక్రారం వండిన పెసర్లే గద" అన్నాను.

"నా కడుపున పుట్టినోనికి నేను మందు పెట్టుకుంటనా? నోరు మూస్కో" అంది.

అక్కడికి ఆ వాదం అయిపోయింది. కాని ఒక్క మాట మాత్రం నాకు ముల్లులా గుచ్చుకుని ఉండిపోయింది. రాత్రి తిన్నది పొద్దునకే అరిగిపోయే మనిషి కడుపులో శుక్రవారం తిన్న పెసర్లు గింజ చెదరకుండా ఎట్లా ఉన్నాయి? మందు సంగతి దేవుడెరుగు, తిండి అసలు కిందికే పోవడం లేదేమో.

ఆ పసరు తర్వాత నీళ్ళు కూడా దిగక ఆయన మంచం పట్టాడు. మా అన్నకు కబురు పెడితే ఆటో తెచ్చి, మా అత్త అరుస్తుండగానే ఆయన్ని ఎత్తుకుని కామారెడ్డికి తీసుకుపోయాడు. అక్కడి డాక్టరు గొంతులోంచి గొట్టం వేసి చూసి పట్నం పొమ్మన్నాడు. కొడుకును మాతో ఒంటరిగా పంపనని మా అత్త కూడా రైలెక్కింది. పట్నంలో ఒక తెల్లటి చిక్కటి నీళ్ళు తాగించి, మిషను ముందు నిలబెట్టి ఫోటో తీశారు. ఆపరేషన్ చేసే డాక్టరు ఆ ఫోటోను వెలుగుకు పెట్టి మా ఆయన్ని, మా అత్తను, నన్ను పిలిచాడు. అందులో అన్నం దిగే గొట్టం పైన సంచిలాగా ఉబ్బిపోయి, కింద పిట్టముక్కులాగా సన్నగా ఉంది.

నేను ఆ పెసర్ల సంగతి అడిగాను. డాక్టరు నవ్వలేదు. "అన్నం కడుపులోకి పోతేనే కదమ్మా అరిగేది. ఇక్కడే, ఈ అన్నవాహికలోనే రోజుల తరబడి నిలిచిపోతోంది. చివరన ఉన్న కండరం తెరుచుకోవడం లేదు" అన్నాడు. అప్పటిదాకా గోడను చూస్తున్న మా ఆయన తల తిప్పి, "తూము తెరుస్తలేదన్నట్టు సారు. పైన కాలువ నిండుతది, కింద మడి ఎండుతది" అన్నాడు. సరిగ్గా అంతే అన్నాడు డాక్టరు. ఎవరైనా తిండిలో ఏదన్నా కలిపితే ఇట్లా అవుతుందా సారూ అని అడిగాను, మా అత్త వినాలనే అడిగాను. అట్లా కాదు, నరాలు దెబ్బతిని వచ్చే రోగం ఇది, ఎందుకు వస్తుందో మాకే ఇంకా పూర్తిగా తెలియదు అన్నాడు. మొదటి సగం నా చెవిలో పడింది. రెండో సగం మా అత్త చెవిలో పడింది.

ఆ కండరాన్ని సన్నటి బెజ్జాల గుండా కోసి వదులు చేస్తారట. వదులు చేస్తే కిందినుంచి పుల్లనీళ్ళు పైకి తన్నుతాయి కాబట్టి పొట్ట పై అంచును దాని చుట్టూ తిప్పి కుడతారట. ముందువైపు నుంచి కుడితే మంచిదా, వెనకవైపు నుంచి కుడితే మంచిదా అన్నది తేల్చడానికి పరిశోధన చేస్తున్నామని, రెండూ వాడుకలో ఉన్న పద్ధతులేనని, ఎవరికి ఏది అన్నది చీటీ వేసినట్టు తేలుతుందని, ఒప్పుకుంటే ఏండ్ల తరబడి ఎట్లా ఉన్నారో అడుగుతామని, ఒప్పుకోకపోయినా ఆపరేషన్ ఆగదని డాక్టరు విడమరిచి చెప్పాడు.

మా అత్త కుర్చీలోంచి లేచింది. "చీటీ ఏసి కోస్తరా నా కొడుకును? వద్దు బిడ్డా, లే, ఇంకో ఆదివారం పోతె మిగిలింది గూడ ఊడొస్తది" అని చేయి పట్టుకుంది. తల్లి మాట మీద ఆయన లేస్తే ఆయన బతకడు, బతకకపోతే చంపింది నేనే అవుతాను.

మా ఆయన చేయి విడిపించుకోలేదు. "అమ్మా, ఆడ పసరు తాగిపిచ్చెటప్పుడు నన్నెవలన్న అడిగిండ్రా? గీయన అడుగుతుండు" అన్నాడు. రెండో చేత్తో సంతకం పెట్టాడు.

ఆపరేషన్ మంచిగా అయింది. పలచటి గంజితో మొదలుపెట్టి నెమ్మదిగా అన్నానికి వచ్చాడు. చీటీలో ఏ వైపు వచ్చిందో మేము అడగలేదు. ఇక నా తలమీది బరువు దిగిందనుకుంటూ ఊరికి వచ్చాను. చూడవచ్చిన వాళ్ళకు మా అత్త ఏం చెప్పిందో తెలుసా? "కక్కిచ్చినా పూరా రాలేదు గద, గంత గట్టిగ పట్టుకున్నదట. పట్నంల కడుపు కోసి తీసిండ్రు." ఆమె అబద్ధం ఆడలేదు, అట్లాగే నమ్మింది. ఊరూ నమ్మింది. ఆయన చెడినప్పుడు అనుమానంగా ఉన్నది, ఆయన బాగుపడ్డాక రుజువైపోయింది. బోనాలప్పుడు బంతిలో వడ్డించడానికి నేను గిన్నె పట్టుకుంటే ఎవరో ఒకరు మెల్లగా అందుకుని నన్ను ఉల్లిగడ్డలు కోయమనేవాళ్ళు. కూర పంపిస్తే ఇయ్యాల ఒక్కపొద్దని గిన్నె తిరిగి వచ్చేది.

చూరు కింది పొయ్యి ఆరిపోయింది, మా ఆయన మళ్ళీ నా పొయ్యి ముందే కూర్చున్నాడు. ఒకసారి ఉండబట్టలేక అడిగాను. నలుగురిలో ఒక్కమాట చెప్పరాదా, ఇది రోగమని, నా పెండ్లాం ఏమీ పెట్టలేదని. ఆయన ముద్ద కలుపుతూ, "తింటున్న గదనే. గంతకన్న సాక్ష్యం ఏం గావాలె?" అన్నాడు. తినడమే చెప్పడం అనుకున్నాడు పాపం. ఊరికి నోటిమాట కావాలని మగవాడికి తెలియదు. మా అత్త చివరి దినాల్లో మంచంలో ఉంటే నేనే ముద్దలు చేసి పెట్టాను. నోరు తెరిచి తింది. నమ్మి తిందో, ఆకలికి తిందో, అడిగే మొఖం నాకు లేదు, చెప్పే ఓపిక ఆమెకు లేదు.

ఇప్పుడు దినాలు వేరు. అన్నం ఆగితే కామారెడ్డిలో గొట్టం వేయించుకుని మధ్యాహ్నానికి ఇంటికి వస్తున్నారు. లావు తగ్గడానికి మంచి కడుపును కూడా కోయించుకుంటున్నారని వింటున్నాను. పోయిన నెల పక్కింట్లో చీర కట్టించే పండుగైతే ఆడపిల్లలు పచ్చిపులుసు నన్నే చేయమని పట్టుబట్టారు, మిగిలింది డబ్బాల్లో పెట్టుకుని పోయారు. ఆ పిల్లల తల్లులకు, అవ్వలకు నా చేయి అంటే ఏమిటో వాళ్ళకు తెలియదు. సంతోషపడాల్సిందే, పడ్డాను కూడా. కాని ఇంటికి వచ్చి కూర్చుంటే ఒకటి తోచింది. నన్ను అన్నవాళ్ళు ఒక్కొక్కరే మట్టిలో కలిసిపోయారు, నిజం తెలిసిన మా ఆయనా పోయాడు. నువ్వు పెట్టలేదు అని మాత్రం ఒక్కరూ అనలేదు. తీర్పు చెప్పకుండానే పంచాయితీ లేచిపోయింది, నేను ఇంకా చెట్టు కింద నిలబడే ఉన్నాను.