రాళ్ల నడుమ దారి గీయబోయిన రోజు

నా బడి చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. మిగిలిందంతా బళ్లారి లైబ్రరీ బెంచీ మీద కూర్చుని చదువుకున్నదే. బ్రూస్‌పేటలో మా బట్టల అంగడి మధ్యాహ్నం మూసిన వేళల్లో అక్కడే ఉండేవాణ్ణి. ఎనభైల్లో ఒకరోజు ఒక ఇంగ్లీషు పత్రికలో బొమ్మ చూశాను. రబ్బరు పడవలో కొందరు తెల్లటి నురగలోంచి దూకుతున్నారు. డిక్షనరీ పక్కన పెట్టుకుని ఆ వ్యాసమంతా చదివి, బళ్లారి పక్కనే మోక అనే ఊళ్లో ఉన్న నా స్నేహితుడికి చెప్పాను. వాళ్లది వ్యవసాయం, పైగా రెండు లారీలు ఉండేవి.

"ట్యూబులు నావి, బుర్ర నీది. తుంగభద్రలో మనమూ దిగుదామప్పా," అన్నాడు.

"బుర్ర మునిగినాక ట్యూబు తేలి ఏం లాభం?"

"నీకు ఈత రాదు కదా, ముందు మునిగేది నువ్వేలే!"

నవ్వుకున్నాం గానీ పని మాత్రం శ్రద్ధగా మొదలుపెట్టాం. పడవ దించే ముందు రాళ్లు ఎక్కడున్నాయో చూసి దారి గుర్తుపెట్టుకోవాలని ఆ వ్యాసంలో ఉంది. ఎగువనున్న డ్యామ్ నిండుతోందని పేపర్లో చదివాను. గేట్లు ఎత్తితే రాళ్లు మునిగిపోతాయి, కాబట్టి ఎండిన ఏటిలో ముందే మ్యాపు గీసుకోవాలన్నాను. ఆ ఆలోచనకు నేనే మురిసిపోయాను.

హంపి దగ్గర బస్సు దిగి ఏటికి వెళ్లాం. నేను ఒడ్డున కాగితం, పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను. వాడు పంచె ఎగగట్టి బండల మీద దూకుతూ నడిమధ్యకు పోయాడు.

"ఈడ సందు ఉండాది, రాసుకో! ఈ బండ ఏనుగంత ఉండాది, దీన్ని ఎడమకు ఇడిసిపెట్టాల!"

నేను గీస్తున్నాను. ఇంతలో వాడు ఎగువకు చూసి చెయ్యెత్తాడు.

"నీళ్లు వస్తాండాయప్పా!"

దూరంగా బండల మీద సన్నటి మెరుపు కనిపించింది. బయటికి రమ్మని అరిచాను.

"తొందరేముందిలే, ఇంగా యాడనో ఉండాయి. మొదటి నీళ్లు కాళ్లకు తగలనీ!"

వాడికి తెలిసిన నీళ్లు మోక కాలువ నీళ్లు. ఏటా కాలువ వదిలినప్పుడు ఆ నీటి మొన ఎండుటాకులను, ముళ్లను తోసుకుంటూ ఎద్దుల బండి నడకతో వస్తుంది. పిల్లలు దాని ముందు నడుస్తారు, ఆడవాళ్లు పసుపు కుంకుమ చల్లుతారు. వాడు పుట్టినప్పటినుంచీ ఆ నీళ్లకు ఎదురెళ్లినవాడే. ఇప్పుడూ అలాగే చేతులు జోడించి, ఎగువకు తిరిగి, నవ్వుతూ నిలబడ్డాడు.

వాడి ముందున్న ఇసుక ఇంకా పొడిగానే ఉంది. నీళ్లు వాడి వెనక నుంచి వచ్చాయి. నాకూ వాడికీ నడుమ, ఒడ్డు వెంబడి ఉన్న పల్లపు పాయలోకి చప్పుడు లేకుండా జొరబడ్డాయి. మొదట తడి రంగు కనిపించింది, చూస్తుండగానే మోకాలి లోతైంది. అది వరద అని నా బుర్రకు ఎక్కేలోపు ఒడ్డున విడిచిన నా చెప్పులు కొట్టుకుపోయాయి. వెనక్కి చూడమని అరిచాననుకున్నాను, కానీ అప్పటికే లేచిన నీటి హోరులో నా గొంతు నాకే వినపడలేదు. తువ్వాలు ఊపాను. ఎందుకు తిరిగాడో తెలియదు, తిరిగాడు. వాడి ముఖంలోంచి నవ్వు పోవడం నేను ఒడ్డునుంచి చూశాను.

తర్వాత నలువైపులా నీళ్లే. ఏనుగంత బండ అన్నాడే, దాని మీదకు పాకాడు. ఆ చుట్టూ తెల్లగా లేచిన నురగ అచ్చం పత్రికలోలాగే ఉంది.

నేను పరుగెత్తి, ఏటిలో పుట్టి అనే గుండ్రటి బుట్టపడవ నడిపే ఒకాయనను పిలుచుకొచ్చాను. ఆయన నీళ్లను చూసి పుట్టిని నేల మీదే ఉంచాడు.

"గేట్లు ఎత్తుతారని నిన్ననే ఊళ్లల్లో చాటినారు కదప్పా, మీరు యాడోళ్లు? ఇప్పుడు పుట్టి ఏస్తే వాడూ పోతాడు, నేనూ పోతా. నీళ్ల వడి తగ్గనీ."

పొద్దు వాలేదాకా కళ్లు తిప్పకుండా ఆ బండనే చూస్తూ నిలబడ్డాను. కళ్లు తిప్పితే వాడు ఉండడేమోనని భయం. చివరికి ఆయన ఎగువనుంచి పుట్టిని జార్చి, బండ పక్కకు చేర్చి, వాణ్ణి మెడ పట్టి లోపలికి లాక్కున్నాడు.

ఒడ్డెక్కాక వాడు నన్ను తిట్టలేదు, ఏడవలేదు. "ఎనకాలనుంచి వచ్చినాయప్పా," అన్నాడు. తడి బట్టలతో బస్సెక్కాం. బళ్లారి వచ్చేదాకా వాడు సీట్లో పక్కకు తిరిగి, వెనక వరుసలకేసే చూస్తూ కూర్చున్నాడు.