ఆమె పక్కన నిలబడి ఆడిన బేరం

నాగలమడిక బస్సులో కూర్చుని ఫోనులో బేరమాడుతున్నాను. అవతల ఉన్నది నా పాత క్లాస్‌మేట్. మేము చదివిన కాలేజీలో పేదపిల్లల స్కాలర్‌షిప్పుకు అతను అడిగిన చందాను సగానికి దించి, అంగడిలో పెరిగిన నా బుద్ధికి నేనే మురిసిపోయాను.

పక్క సీటులో ఉన్న రాయచెర్లు ఊరి గొర్రెలకాపరామె ఫక్కున నవ్వింది.

"భలే గుంజినావన్నా! మా బీళ్లలోకి సోలారు పలకలొచ్చినాక మేపు లేక మేము గొర్రెలమ్మేస్తిమి. నా బిడ్డ ఆ కాలేజీలోనే ఉండాది. రేపు ఫీజు కట్టకుంటే ఇంటికి రావాల్సిందే. ఇంత బాగా ఆడతావే, ఒకసారి మా పక్క నిలబడి ఆడరాదాప్పా?"

అతనికే మళ్లీ ఫోను చేశాను. దించిన సగం మళ్లీ కలిపి, పాత స్నేహితులను ఒక్కొక్కరినే ఫోనులో పట్టుకున్నాను.

"పిసినారీ, నువ్వాప్పా అడిగేది?" అన్నాడొకడు.

ధర పెంచే బేరం నాకదే మొదలు. ఆమె పక్కనుంచి ఇంకా, ఇంకా అన్నట్టు అరచెయ్యి పైకెత్తుతూనే ఉంది.

ఆమె దిగిపోయాక గుర్తొచ్చింది, బిడ్డ పేరే అడగలేదని. అంగడివాడు చెయ్యకూడని తప్పు! ఏ అమ్మాయో తెలియక, ఫీజు లేక ఆగినవాళ్లందరికీ మరునాడు కట్టేశాం. ఒక్కరూ ఇంటికి పోలేదు.

ఇప్పటికీ జూన్‌లో ఫీజుల వేళ వస్తే స్నేహితులు నా ఫోనుకు భయపడతారు. అయినా ఎత్తుతారు.