అమ్మ ఏదీ మర్చిపోలేదు

నాలుగేళ్లుగా మోస్తున్నాను. రెండు తాళంచెవులు, ఒక చిన్న పర్సు. హైటెక్ సిటీలో మా ఆఫీసులో, నా డెస్కు కింది సొరుగులో ఉంటాయి. ఆ సొరుగు తెరవను. అయినా రోజూ దానికి మోకాలు ఆనించుకుని తొమ్మిది గంటలు కూర్చుంటాను. మా ఆయనకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెబుతున్నాను.

అమ్మ పోయి మూడు నెలలైంది.

ముందు ఆమె ఎలాంటి మనిషో చెప్పాలి. లేకపోతే నేను చేసింది ఎంత పెద్దదో మీకు తెలియదు. నాన్న పోయాక ఇక్కడి అద్దాల మేడల్లోనే నేలలు తుడిచి నన్ను చదివించింది. నాకు ఉద్యోగం వచ్చాక పని మానేసి, యాభై రెండేళ్ల వయసులో స్కూటర్ నేర్చుకుంది. నల్లగండ్లలో మా అపార్టుమెంటు వెనక రోడ్డు మీద రెండుసార్లు పడి, మోచేయి చీరుకుపోయి, నవ్వుకుంటూ పైకి వచ్చింది. ఇక ఆమెను పట్టుకోవడం ఎవరి తరం? జొన్నరొట్టెలు, వెల్లుల్లి కారం మూటకట్టుకుని ఒక్కతే అనంతగిరి గుట్టలకు వెళ్లింది. ఇంకోసారి మెదక్ వైపు వెళ్లి, వానకు చిక్కి, ముక్కూమొహం తెలియని వాళ్లింట్లో ఉండిపోయి, పొద్దున్నే వాళ్ల బర్రె పాలు పితికి ఇచ్చి మరీ వచ్చింది. నాకు గర్వంగా ఉండేది. కొంచెం కుళ్లుగా కూడా ఉండేదేమో. ఆ ధైర్యం నాకు రాలేదు.

నాలుగేళ్ల కిందటి వానాకాలం, బండి మీద వెళ్లి బొగత జలపాతం చూస్తానంది. ములుగు అడవుల్లో, చాలా దూరం. నాలుగు రోజులంది. అప్పుడు నా పాపకు రెండేళ్లు. అమ్మే చూసుకునేది. సరిగ్గా ఆ వారమే నా ప్రాజెక్టు పూర్తిచేసి ఇవ్వాలి. “ఈ వారం ఉండమ్మా” అంటే ఉండిపోయేది. ఆ ఒక్క మాట ఎందుకు అనలేకపోయాను? జీవితమంతా నాకోసం చీపురు పట్టిన మనిషిని మళ్లీ నా అవసరానికి ఆపానని అనిపించుకోవడం ఇష్టం లేక. మంచి కూతురిగా మిగలాలని. అందుకు దొంగనయ్యాను.

ఆమె స్కూటర్ తాళంచెవి తీసి నా ల్యాప్‌టాప్ బ్యాగులో వేసుకున్నాను. ఆమె ఇల్లంతా వెతికి, నవ్వేసి, చందానగర్ మార్కెట్ నుంచి తాళాలు చేసే మనిషిని వెంటబెట్టుకొచ్చి సాయంత్రానికి కొత్తది చేయించుకుంది. అక్కడితో ఆగి ఉంటే తర్వాతెప్పుడో ఇద్దరం చెప్పుకుని నవ్వుకునేవాళ్లం. మర్నాడు దాన్నీ తీశాను. ఈసారి లైసెన్సు ఉన్న పర్సుతో సహా.

అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి అడిగింది.

“బిడ్డా, నా పర్సు గిట్ల చూసినవా? ఈడనే పెట్టిన.”

“లేదమ్మా. నిన్న గూడ గిట్లనే అన్నవ్. నువ్వే యాడనో పెట్టి మర్చిపోతున్నవ్. జర దవాఖానల చూపించుకుందాం.”

ఆమె నా ముఖంలోకి చూసింది. నేను స్క్రీన్‌లోకి చూశాను.

“మర్చిపోతున్ననా?” అంది. నన్ను కాదు. తనను తానే ప్రశ్నించుకుంది.

ప్రాజెక్టు అయిపోయింది. అందరూ మెచ్చుకున్నారు. పర్సు ఆ ఆదివారమే ఏ బీరువా వెనకో పడేసి “దొరికింది” అందామనుకున్నాను. కానీ అప్పటికే అమ్మ మారిపోయింది. పాపకు పాలు ఇచ్చానా లేదా అని నాకు ఆఫీసుకు ఫోన్ చేసేది. స్టవ్ ఆర్పి, మళ్లీ వెళ్లి చూసుకునేది. దవాఖానకు నేనే తీసుకెళ్లాను. పరీక్షల్లో ఏమీ లేదని, అయినా వయసు కదా, చీటీలు రాసుకొమ్మని డాక్టరు చెప్పాడు. ఆ గదిలో, ఫైలు ఒళ్లో పెట్టుకుని, నేను నోరు విప్పలేదు. తర్వాత ఆమె కూరగాయలకు కూడా ఒంటరిగా వెళ్లడం మానేసింది. తోవ మర్చిపోతానేమోనని భయమంది. స్కూటర్ సెల్లార్‌లో దుమ్ముకొట్టుకుపోయింది.

అన్నిటికంటే నీచమైన మాట ఇంకా చెప్పలేదు. అది నాకు సౌకర్యంగా ఉండింది. అమ్మ ఎప్పుడూ ఇంట్లోనే. పాప గురించి ఫికర్ లేదు. వచ్చే ఆదివారం చెబుదాం, వచ్చే ఆదివారం చెబుదాం అనుకుంటూనే నాలుగేళ్లు గడిపాను. ఒక మధ్యాహ్నం, బియ్యం ఏరుతూ కూర్చున్నచోటే అమ్మ గుండె ఆగిపోయింది. నేను మీటింగులో ఉన్నాను.

దినకర్మలు అయ్యాక ఆమె చీరల అర సర్దుతుంటే కింద చీటీల కట్ట దొరికింది. ‘స్టవ్ బంద్ చేసిన.’ ‘పాపకు పాలు ఇచ్చిన.’ అడుగున ఒకటి, పాతది, మడతల దగ్గర చిరిగింది: ‘బండి తాళం సంగతి బిడ్డను మల్ల అడగొద్దు. పరేషాన్ అయితది.’

దాన్ని పట్టుకుని ఏడ్చాను. ఏడ్చే హక్కు నాకుందా? తెలియదు. అమ్మ లేదు, క్షమించడానికి ఇంకెవరూ లేరు. మీరు కూడా క్షమించొద్దు.

ఇవాళైనా ఎందుకు చెబుతున్నానంటే, నిన్న నా ఆరేళ్ల కూతురు ఫ్రెండుకు అమ్మమ్మ ఫోటో చూపిస్తూ, “మా అమ్మమ్మకు అన్నీ మర్చిపోయే జబ్బు ఉండె” అని చెప్పింది. నేను పక్కనే ఉన్నాను. కాదనలేదు. పొద్దున ఆఫీసుకు రాగానే సొరుగు తెరిచి, మూడూ ముందు పెట్టుకుని ఇది రాస్తున్నాను. లైసెన్సు ఫోటోలో అమ్మ నవ్వు ఆపుకుంటోంది. సాయంత్రం వీటిని ఇంటికి తీసుకెళ్లి పాప చేతిలో పెట్టాలి. నాకు ధైర్యం చాలుతుందో లేదో తెలియదు. అందుకే ముందు మీతో అంటున్నాను, నోరు తిరగాలని.

అమ్మ ఏదీ మర్చిపోలేదు. నేను తీశాను.