కెమెరా వెనకున్న పిట్ట

"మీ బాబాయి పొయ్యాడమ్మా. పొద్దున కాఫీ తాగి, గ్లాసు కిందపెట్టి, అట్టా గోడకి ఆనుకున్నాడు. అంతే," అంది పిన్ని ఫోన్లో. ముక్కు తుడుచుకున్న చప్పుడైంది. "వచ్చేప్పుడు ఆ ఫోటో పెద్దది చేయించుకురా. పదోరోజుకి అదే పెట్టాల."

ఏ ఫోటో అని నేను అడగలేదు. బాబాయికి చెప్పుకోదగ్గ ఫోటో ఈ లోకంలో అదొక్కటే ఉంది. ఊరందరికీ ఫోటోలు తీసిన మనిషికి ఒక్కటే ఎందుకుందని మీరు అడగవచ్చు. చెబుతాను.

గురజాల బస్టాండుకి కాస్త ఇవతల, మా ఇంటికి ఎదురుగా ఆయన స్టూడియో ఉండేది, వెనక ఇల్లు. మాకు చుట్టాలేం కాదు. నాకు మాటలు వచ్చినప్పటి నుంచి ఆ ఇంట్లో వాళ్లు బాబాయి, పిన్ని, అంతే. లోపల ఒక నీలం తెర, దాని ముందు ఒక స్టూలు, రెండు లైట్లు, కెమెరా. మామూలుగా స్టూడియోల్లో బొమ్మలు మన వీపు వెనక ఉంటాయి. జలపాతాలు, తాజ్‌మహళ్లు. బాబాయి మాత్రం స్టూలుకి ఎదురు గోడ మీద, కెమెరా కంటికి బెత్తెడు పైన, ఒక పిట్టను వేశాడు. పచ్చటి ఒళ్లు. ఒంటికి మించిన ముక్కు. ఆ ముక్కు పైసగం పసుపు, కిందిసగం నలుపు, మొదట్లో సున్నంతో గీసినట్టు తెల్లటి గీత. పెళ్లికాకముందు ఏదో రంగుల కంపెనీ క్యాలెండరులో ఫోటో చూసి వేశాడట. పేరున్న చోట కాగితం చిరిగిపోయింది కాబట్టి అదేం పిట్టో ఆయనకీ తెలియదు.

తెలియకపోవడమే ఆయన పనిముట్టు. ఫోటో అనగానే మనిషి కొయ్యబారిపోతాడు. పిడుగురాళ్ల బట్టీల నుంచి కనుబొమ్మల మీద ఇంకా సున్నంతోనే వచ్చేవాళ్లు, దాచేపల్లి ఫ్యాక్టరీల గేట్ పాసుల కోసం వచ్చేవాళ్లు, స్టూలెక్కగానే ఊపిరి బిగపట్టేవాళ్లు. అప్పుడు ఆ పిట్ట కనబడేది.

"ఏందయ్యా అది? చిలకా?"

"చిలక్కి అంత ముక్కుంటదా?" అనేవాడు బాబాయి, కెమెరాలోంచి తల ఎత్తకుండా.

"మరేంది?"

"చెప్తా. దాన్నే చూస్తా ఉండు."

క్లిక్.

"ఇంతకీ ఏందది?"

"నాకేం తెలుసు. నువ్వేమన్నా చెప్తావేమోనని చూస్తన్నా."

ఒక మిరప రైతు భార్య అయితే ఫోటో అయ్యాక కూడా దిగలేదు. "మా చేలో వదిలితే పురుగంతా ఏరి పారేసేట్టుంది," అంది. "తీసుకుపో అక్కా. గోడతో సహా మోసుకుపోవాల," అన్నాడు బాబాయి.

అందుకే మా చుట్టుపక్కల ఎవరి పాస్‌బుక్కు తీసి చూసినా, ఎవరి పెళ్లిచూపుల ఫోటో చూసినా, ముఖం ఒకే రకంగా ఉంటుంది. కనుబొమ్మ కాస్త లేచి, పెదవి విడీవిడనట్టు, ఏదో అడగబోతున్నట్టు. మా పదో తరగతి హాల్ టికెట్లు చూసి పరీక్ష హాల్లో ఇన్విజిలేటరు "మీరంతా ఏం చూశార్రా?" అని అడిగాడు. పిట్టని సార్ అన్నాం. ఆయనకు అర్థం కాలేదు.

ఇంతమందిని ఆ స్టూలు మీద కూచోబెట్టినవాడు తను మాత్రం కూచునేవాడు కాదు. పెళ్లి ఫోటోలో కూడా పక్కకు తిరిగి, లైటు ఎక్కడ పెట్టాలో ఫోటోగ్రాఫరుకి చెబుతున్నాడు. "నా మొహం మీ పిన్నికి తెలుసు. మధ్యలో ఫోటో దేనికే?" అనేవాడు. పిన్ని చాలా ఏళ్లు నవ్వుతూనే పోట్లాడింది. "ఊరందరి మొహాలూ గోడకి తగిలిస్తావు, నాకో మొహం ఇవ్వవు." గుంటూరులో ఆయన గుండెకి స్టెంటు వేయించుకొచ్చాక పిన్ని ఆ మాట నవ్వుతూ అనడం మానేసింది. ఒకరోజు నన్ను వంటింట్లోకి పిలిచి, "ఏమే, నువ్వన్నా తియ్యవే. నాకు భయంగా ఉంది," అంది.

నేను ప్రయత్నించాను. కెమెరా ఎత్తితే చెయ్యి అడ్డం పెట్టుకునేవాడు.

డిగ్రీ అయ్యాక నేను ఒక ఉద్యోగంలోంచి ఇంకో ఉద్యోగంలోకి, ఒక హాస్టల్లోంచి ఇంకో హాస్టల్లోకి తిరుగుతున్న రోజులవి. ఊరికొస్తే ఇంట్లో కంటే స్టూడియోలోనే ఎక్కువ ఉండేదాన్ని. కెమెరా పట్టుకోవడం అక్కడే నేర్చుకున్నాను. "నీకు కాలు నిలవదు. కన్నన్నా నిలబెట్టు," అనేవాడు. చూసేదాన్ని చూడటం అయ్యేదాకా ఇంకోవైపు తిరగొద్దని ఆయన అర్థం. ఇప్పటికీ ఏ పని మధ్యలో విసుగొచ్చినా ఆ మాట వినబడుతుంది.

అలా వచ్చిన ఒక సెలవులో, ఫోన్లో వెతుకుతుంటే పిట్ట దొరికింది.

"బాబాయ్, టూకనెట్ అంట. టూకాన్ అని పెద్దముక్కు పక్షి లేదూ, దాని చిన్న చెల్లెలు. మెక్సికో దగ్గర్నుంచి కిందికి, ఆ అడవుల్లో ఉంటదంట."

కళ్లజోడు పెట్టుకుని ఫోన్ తీసుకున్నాడు. తడిసిన నాచు కొమ్మ మీద పిట్ట. రెండు వేళ్లతో పెద్దది చేసి, ముందు పిట్టను కాదు, దాని మీద పడిన వెలుగును చూశాడు. "ఆకుల్లోంచి ఎండ దిగేదాకా కూచున్నాడు. ఎవడో ఓపికున్నోడు." ఆ తర్వాత పక్షుల పుస్తకం కోసం ఎవరో రంగుల్లో గీసిన బొమ్మ చూపించాను. ఈకఈకా లెక్కగా ఉంది. అటూ ఇటూ మార్చి చూసి అన్నాడు. "ఫోటోలో ఆ ఒక్క పిట్ట ఉంది. బొమ్మలో దాని చుట్టపక్కాలంతా ఉన్నారు."

"పక్క పిట్టల గూళ్లలో గుడ్లు కూడా కాజేస్తదంట."

"ఓర్నీ. ఇన్నాళ్లూ దొంగను ఎదురుగా పెట్టుకుని గేట్ పాసులు తీశానా."

కింద పేరు రాసిపెడతానన్నాను. వద్దన్నాడు. "పేరు చెప్పావనుకో, ఓహో అంటాడు. ఇంక చూడడు."

అంతలో ఆయన ముఖం మారింది. గోడ వైపు చూశాడు, ఫోన్ వైపు చూశాడు. క్యాలెండరు ఫోటోలో తోకకి ఆకు అడ్డం వచ్చిందట. తెలియని తోకకి బదులు మా జామచెట్టు మీద వాలే చిలకల తోక పెట్టేశాడు. పొడుగ్గా, కొస తేలి. అసలు పిట్ట తోక పొట్టిది, అడుగున ముదురు ఇటుక రంగు.

"అయితే ముక్కు మెక్సికోది, తోక గురజాలదన్నమాట," అని నేను నవ్వాను. ఆయనా నవ్వాడు. కానీ మర్నాడు పొద్దున్నే షట్టరు సగం దించి, బల్లెక్కి, కుంచె పట్టుకున్నాడు.

"ఈ వయసులో పిట్టకి తోక కత్తిరిస్తన్నాడు చూడవే," అంది పిన్ని.

పని అయ్యాక బల్ల దిగి, వెనక్కి నడిచాడు. స్టాండు అడ్డం వచ్చింది. పక్కకు జరిగాడు, నచ్చలేదు. ఆ బొమ్మ సరిగా కనబడే చోటు ఒకటే. వెళ్లి స్టూలు మీద కూచున్నాడు.

నేను కెమెరా దగ్గర ఉన్నాను. ఆయన నన్ను చూడటం లేదు. చేతికి ఇంకా ఇటుక రంగు. తను వేసిన పిట్టనే, దాచేపల్లి బస్సు దిగి వచ్చిన ఎవరో కొత్త మనిషిలా చూస్తున్నాడు. కనుబొమ్మ లేచింది. పెదవి విడింది. లోపలి గుమ్మంలో పిన్ని టీ గ్లాసుతో నిలబడి, కానివ్వమని కళ్లతోనే చెప్పింది.

క్లిక్.

"అడక్కుండా తీస్తావటే?"

"అడిగితే కూచుంటావా?"

లేచి వచ్చి కెమెరా తెర మీద చూశాడు. చాలాసేపు చూశాడు. ఆయన వేలు తుడిపేసే బటన్ మీదికి పోతుందేమోనని నాకు భయమేసింది. చివరికి, "కన్ను నిలబడింది," అన్నాడు. ఆయన నుంచి నాకు దక్కిన మెప్పు అదే. పిన్ని టీ గ్లాసు ఆయన చేతికిచ్చి, వంగి చూసి, "ఆ, ఇదే మొహం," అంది.

పదోరోజున పూలదండ వేసి ఆ ఫోటోనే పెట్టాం. ఈపూరు నుంచి వచ్చిన పెద్దావిడ ఒకామె దగ్గరికి వెళ్లి, "ఏందమ్మా, ఏదో అడగబోతన్నట్టున్నాడు," అంది. వెనక నుంచి బట్టీ మేస్త్రి ఒకాయన అందుకున్నాడు. "పిట్టని చూస్తన్నాళ్లే. మేమంతా చూసినోళ్లమేగా." భోజనాల వరసలో నవ్వులు వినబడ్డాయి. పిన్ని కూడా నవ్వింది.

అందరూ వెళ్లాక పిన్ని పటం నా చేతికిచ్చి, "ఇంట్లో వద్దు. చిన్నది నా దగ్గరుందిలే. ఇంట్లో పెడితే ఎదురుగా ఫ్రిజ్జుని చూస్తా ఉంటాడు. ఆ చూపు దానికి కాదుగా," అంది.

నీలం తెర కొంచెం పక్కకు జరిపి, స్టూలు వెనక గోడకి తగిలించాను. ఊరికి వెళ్లినప్పుడల్లా పొద్దున్నే షట్టరు నేనే ఎత్తుతాను. సగానికి లేచేసరికి వెలుగు ముందు పసుపు ముక్కు మీద పడుతుంది. పూర్తిగా లేచాక ఎదురు గోడకి చేరుతుంది. అక్కడ బాబాయి, కనుబొమ్మ కాస్త ఎత్తి, ఇంకా చూస్తూ ఉంటాడు.