పోచవ్వ మక్కరొట్టె

సిరిసిల్లలో పోచవ్వ నోటికి జడవనివాళ్లు లేరు, ఆమె చేతి మక్కరొట్టెకు లొంగనివాళ్లూ లేరు. మక్కపిండి అంటే మొక్కజొన్న పిండే; దానికి జిగురుండదు, తాకితే పగులుతుంది. పోచవ్వ మాత్రం ఉడుకునీళ్లతో పిండి పిసికి, ముద్దలో గుంత చేసి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి వేసి దంచిన బొబ్బర్లు కూరి, మూతి మూసి, తడిచేత్తో ఒత్తేది. ఒక్క నెర్రె కనబడినా ఆ రొట్టె సాంచాలనే మరమగ్గాలు నడిపే మొగుడు వెంకటి పాలు.

అవి నక్సలైట్ల కాలం. జనం వాళ్లను అన్నలనేవాళ్లు. ఏ ఇంట్లో వంట కాస్త ఎక్కువైనా పోలీసులు వాసన పట్టేవాళ్లు. ఓ పగటిపూట కొత్త ఎస్సై వచ్చి రొట్టెల కుప్పను లాఠీతో చూపించాడు.

"గిన్ని ఎవరికి? అడవికా?"

"మా ఆయనకు సారు. సాంచాలు నడిపి నడిపి మస్తు ఆకలైతది."

ఎస్సై బక్కపలచని వెంకటిని ఎగాదిగా చూశాడు.

"అయితే నా ముందట తినుమను."

నెర్రెల్లేని రొట్టె దక్కడం పెళ్లయ్యాక అతనికి అదే మొదలు. వెంకటి తింటూ పోలీసులకు మనసులోనే దండం పెట్టాడు.

ఆ వాసనకు ఆగలేక ఎస్సై తానూ ఒకటి తిన్నాడు. రెండోది అందుకున్నాడు. ఇక పోచవ్వ గర్వం ఆగలేదు.

"తిను సారూ! అన్నలు గూడ గంతే, ఒక్కదానితోని లేవరు."

వెంకటికి పొలమారింది. ఎస్సై దవడ ఆగిపోయింది. కేసు రాస్తే, అదే పెంక మీది రొట్టె తానూ తిన్నట్టు రాయాలి. మెల్లగా నమిలి మింగాడు.

"ఉప్పు జర తక్కువైంది" అన్నాడు.

లాఠీని చూసినా రాని కోపం పోచవ్వకు అప్పుడొచ్చింది.