ఫైక్ లూన్ పారబోసిన గిన్నెడు నీళ్ళు

మలేషియాలోని పెనాంగ్‌లో ముప్పై ఒక్క ఏళ్ళు రొయ్యల నూడుల్స్ అమ్మిన ఫైక్ లూన్‌కు ఏదీ పారబోసే అలవాటు లేదు. రొయ్యల తలకాయలు, తొక్కలు, చివరికి అవి నానిన నీళ్ళు కూడా పులుసు కుండలోకే వెళ్ళేవి. రుచంతా అందులోనే ఉందనేది. ఆ పులుసు తాగినవాళ్ళెవరూ కాదనలేదు.

మోకాళ్ళు మొరాయించి నూడుల్స్ బండి అమ్మేశాక, పదకొండో అంతస్తులోని తన ఫ్లాట్‌లో ఉప్పునీళ్ళ అక్వేరియం పెట్టుకుంది. నాలుగు చేపలు, ఒక ఊదారంగు పగడం. బొటనవేలంత ముక్కను తెచ్చి ఆరేళ్ళలో అరచేతంత చేసింది. అది రాయి కాదు, ప్రాణమున్న జీవి అని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పేది.

ఈ ఏడాది ఆ పగడం మట్టిరంగుకు తిరిగింది. నాచు దాని కొమ్మల మీదికి పాకసాగింది. కారణం ఏళ్ళుగా మెల్లగా పేరుకున్న ఫాస్ఫేట్. నీళ్ళలో అది పెరిగితే నాచుకు పండగ, పగడానికి గండం. గాజు సీసాలో కాసిని నీళ్ళు తీసి పరీక్ష మందు కలిపితే, ఎంత నీలం తేలితే అంత ఫాస్ఫేట్ ఉన్నట్టు. ఆమె సీసా ఎప్పుడు చూసినా ముదురు నీలమే. వారం వారం నీళ్ళు మార్చింది. ఫాస్ఫేట్‌ను పీల్చే ఇనుప గుళికలు వేసింది. రెండు రోజులు తగ్గేది, మళ్ళీ మొదటికొచ్చేది.

ఎదురింటి తైక్ హువాత్‌ది పెద్ద అక్వేరియం, అంతకన్నా పెద్ద నోరు.

"అక్కా, నూడుల్స్ వేరు, సముద్రం వేరు. ఆ పగడాన్ని తీసేసి తూటికూర పెంచుకో, కూరకైనా పనికొస్తుంది" అన్నాడు.

"నీ కాఫీ చల్లారుతోంది, పోయి తాగు" అంది. తలుపేసుకుని ఏడ్చింది.

మర్నాడు పొద్దున చేపల మేతకు తీసిన ఫ్రీజర్ రొయ్యల మంచు గిన్నెలో కరిగింది. వాటిని తరిగి, ఎప్పటిలాగే ఆ నీళ్ళతో సహా చేపలకు పోయబోయి ఆగింది. ఏమనుకుందో, ఆ నీళ్ళే నాలుగు చుక్కలు సీసాలోని మంచినీళ్ళలో కలిపి మందు వేసింది. క్షణంలో నీలి సిరా రంగు తేలింది.

"నా తెలివి తెల్లారినట్టే ఉంది. ఇన్నాళ్ళూ చేపలకు పులుసు కాచి పోస్తున్నాను" అంది పైకే.

ఆ రోజు నుంచి రొయ్యలను టీ జల్లెడలో వేసి కడిగి, ఆ నీళ్ళను సింకులో పారబోసింది. మొదటి వారం ప్రాణం ఉసూరుమంది. ఫాస్ఫేట్ ఒక్కసారిగా పడిపోయినా పగడం తట్టుకోలేదని గుళికలు కొద్దికొద్దిగానే వేసింది. పదకొండు వారాలు పట్టింది. ఒక ఆదివారం సీసాలో నీలం ఉందా లేదా అన్నట్టుంది. పగడం కొసలన్నీ ఊదారంగులో మెరుస్తున్నాయి. గెలిచానని ఆమె వంటింట్లోకి, హాల్లోకి నాలుగుసార్లు తిరిగింది.

తైక్ హువాత్ వచ్చి అద్దానికి ముక్కు ఆనించి చూశాడు.

"అక్కా, ఒక్క చిన్న ముక్క విరిచిస్తావా?"

"ఇస్తాలే. ఇంకాస్త పెరగనీ. నీకంటే ముందు ముగ్గురు అడిగారు."

నిజానికి ఒక్కరూ అడగలేదు. ఇంకో నెల అతన్ని తన గుమ్మం చుట్టూ తిప్పుకోవాలని ఆమెకు మహా సరదాగా ఉంది.