ఘటం కాలవ దాటిన రోజు

నా చిన్నప్పుడు మా ఊరు ఎక్కడిదాకా ఉందని అడిగితే మ్యాపు తెచ్చి చూపించేవాళ్ళు ఎవరూ లేరు. తూర్పున కాలవ, కాలవ గట్టున మొగలి పొదలు, అక్కడికి ఊరు అయిపోయినట్టే. అవతల ఇసక దిబ్బ, దాని వెనక సరుగుడు తోట, ఆ తర్వాత సముద్రం. బరంపురం నుంచి గోపాలపూర్ వెళ్ళే రోడ్డు వదిలి దక్షిణంగా దిగితే వచ్చే పల్లె మాది. తెలుగువాళ్ళమూ ఒడియావాళ్ళూ కలిసే ఉండేవాళ్ళం. సంతలో ఒక భాష, ఇంట్లో ఒక భాష, కొట్లాటకి మాత్రం రెండూ.

ఇప్పుడు ఆ పల్లెని టౌనులో కలుపుతారంటున్నారు. ఎవరో ఒకరు టేపు పట్టుకొచ్చి ఏ వీధి ఏ వార్డులోకి వస్తుందో కొలుస్తూనే ఉన్నారు. కొలిచినప్పుడల్లా ఒక తగువు. ఒకప్పుడు వార్డు మెంబరుగా చేసిన పాపానికి ప్రతి తగువూ నా అరుగు మీదికే వస్తుంది. నిజం చెప్పాలంటే నాకు ఓపిక అయిపోయింది. మా వీధి దీపం వాళ్ళ వార్డులోకి పోయిందని ఒకరు, వాళ్ళ మురుగు మా వార్డులోకి వస్తోందని ఇంకొకరు. వింటూ వింటూ నిద్ర ముంచుకొస్తుంది. అలాంటప్పుడే మా మేనత్త గుర్తొస్తుంది. మాది మేనరికం కనుక తర్వాత నాకు అత్తగారు కూడా ఆవిడే అయింది.

కాలవ అవతలి ఇసక దిబ్బ మీదికి నేను బడిలో చేరిన కొత్తలో కొన్ని కుటుంబాలు వచ్చి పాకలు వేసుకున్నాయి. వాళ్ళు చేపల వేటకి వెళ్ళేవాళ్ళు. సముద్రం ఏటేటా ముందుకొచ్చి వాళ్ళ పేటని తినేస్తే, తట్టా బుట్టా తలకెత్తుకుని ఇటు వచ్చారు. వాళ్ళదీ తెలుగే. అయినా మేం వాళ్ళని మా వాళ్ళని అనుకోలేదు, దిబ్బోళ్ళు అనేవాళ్ళం. ఆ దిబ్బ సరిగ్గా రెండు పంచాయితీల మధ్య పడింది. మా సర్పంచి గారిని అడిగితే దిబ్బ దక్షిణపు పంచాయితీది అనేవారు. అక్కడికి వెళితే, కాలవ మీ ఊరిదైనప్పుడు దిబ్బా మీ ఊరిదే అని పంపించేవారు. రెంటికీ చెడ్డ రేవళ్ళయి ఆ జనం ఇద్దరి గుమ్మాల ముందూ నిలబడి నిలబడి చివరికి అడగడమే మానేశారు.

వాళ్ళకి ఇల్లూ వాకిలీ లేకపోయినా గడిచిపోయేది, మంచినీళ్ళు లేకపోవడమే అసలు కష్టం. దిబ్బ మీద చెలమలు తవ్వుకుంటే వానాకాలంలో నీళ్ళు బాగానే ఉండేవి, ఎండలు ముదిరేసరికి ఉప్పు తేలేవి. అప్పుడు ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని మా వీధి చివర నూతికి వచ్చేవారు. మా నూతిలో వాళ్ళ చేద పడనిచ్చేవారు కాదు. మావాళ్ళందరూ తోడుకోవడం అయ్యాక ఎవరికైనా దయ కలిగి తోడి పోస్తే పట్టుకెళ్ళాలి. దయ కలగని రోజులూ ఉండేవి. చంటిపిల్లని చంకనేసుకుని ఖాళీ బిందెతో తిరిగి వెళ్ళినవాళ్ళని నేను చూశాను. చూసి మళ్ళీ తొక్కుడుబిళ్ళ ఆడుకునేదాన్ని. చిన్నపిల్లని, ఊరు ఎలా చూస్తే నేనూ అలాగే చూశాను.

ఒక ఏడు బ్లాకాఫీసు మా పంచాయితీకి ఒకే ఒక్క చేతి బోరింగు ఇచ్చింది. అది ఎక్కడ వెయ్యాలో పల్లిసభలో ఊరివాళ్ళే తేల్చుకోవాలి. కాలవ ఇవతలి గట్టున వేస్తే తియ్యనీళ్ళు పడతాయి, దిబ్బవాళ్ళకి అందుబాటులో ఉంటుంది. కానీ ఊరి నడివీధిలో వెయ్యాలని మావాళ్ళు ముందే అనేసుకున్నారు. మా సర్పంచి గారు చెడ్డమనిషేమీ కాదు. ఉన్నది ఒకటి, అడిగేవాళ్ళు పదిమంది, అందులో ఓటున్నవాళ్ళ మాట కాదని ఊరికి సంబంధం లేనివాళ్ళకి ఎలా ఇస్తానని ఆయన గోల. అమ్మవారి సంబరం అయ్యాక సభ పెట్టుకుందామన్నారు.

మా సంబరంలో ఘటం మోసేది మా ఇంటి ఆడపడుచు. అప్పట్లో అది మా మేనత్త వంతు. పసుపు రాసి, వేపమండలు కట్టిన ఘటాన్ని తలకెత్తుకుని రోజుకొక వీధి తిరగాలి. ప్రతి గడప ముందూ ఆగితే ఇంటివాళ్ళు ఆవిడ కాళ్ళ మీద బిందెడు పసుపు నీళ్ళు పోసి దణ్ణం పెట్టాలి. వెనక డప్పులు, వాటి వెనక సర్పంచి గారు, పెద్దలు. ఘటానికి ఎవరూ ఎదురు వెళ్ళకూడదు. ఘటం ఒకసారి అడుగేశాక వెనక్కి తిప్పకూడదు. ఘటం మోసినన్నాళ్ళూ మా మేనత్త ఒంటిపూట భోజనం, నేల మీద పడక. ఇంట్లో అంత మాటకారి ఆ రోజుల్లో మౌనంగా ఉండేది. పిల్లలం ఆవిడకి దగ్గరగా వెళ్ళడానికి కూడా భయపడేవాళ్ళం.

ఆఖరి రోజు ఘటం కాలవ దాకా వెళ్ళి, మొగలి పొదల పక్కనుంచి తిరిగి గుడికి చేరాలి. ఎప్పుడూ జరిగేది అదే. మిట్టమధ్యాహ్నం కాలవ గట్టుకి చేరాం. అవతలి గట్టున దిబ్బ ఆడవాళ్ళందరూ పసుపు నీళ్ళ బిందెలు పట్టుకుని వరసగా నిలబడి ఉన్నారు. ఘటం తమ వైపు రాదని వాళ్ళకి తెలుసు. దూరం నుంచే ఆ నీళ్ళు నేల మీద పోసి దణ్ణం పెట్టుకునేవారట. మా మేనత్త గట్టు మీద ఆగింది. మొగలి పొదల వైపు తిరుగుతుందని డప్పుల వాళ్ళు అటు జరిగారు. ఆవిడ తిరగలేదు. తిన్నగా కాలవలోకి దిగిపోయింది.

నీళ్ళు మోకాలి లోతే గానీ అడుగున బురద. ఘటం తొణక్కుండా ఆవిడ దాటుతుంటే జనం ముక్కున వేలేసుకున్నారు. ఆపడానికి ఎవరికీ నోరు రాలేదు, ఎదురు వెళ్ళకూడదు కదా. ముందు డప్పుల వాళ్ళు దిగారు, తర్వాత మా తాతయ్య, ఆ వెనక కొత్త పంచె మోకాళ్ళ పైకి ఎత్తుకుని సర్పంచి గారు. మేం పిల్లలం గోలగోలగా దాటేశాం. నా వరకు అది పండగలో పండగ.

దిబ్బవాళ్ళలోంచి ఒక ముసలమ్మ ఏడుస్తూ ముందుకొచ్చి బిందెడు నీళ్ళూ మా మేనత్త కాళ్ళ మీద గుమ్మరించింది. ఆ తర్వాత ఒక్కొక్క పాక ముందూ ఒక్కొక్కరు. పసుపు కలిపిన నీళ్ళు సరిపోక తాగడానికి దాచుకున్నవి కూడా తెచ్చి పోశారు. ఆ పొద్దున్న మా నూతి దగ్గర నిలబడి నిలబడి తెచ్చుకున్నవే ఆ నీళ్ళు, నేను చూశాను. పోసిన నీళ్ళు పోసినట్టే ఇసకలోకి ఇంకిపోయాయి.

ఇసకలో ఎండన పడి నడిచేసరికి సర్పంచి గారికి నాలుక పిడచకట్టింది. ఘటం వెంట ఉన్నప్పుడు ఎవరింట తాగినా పట్టింపు లేదు. గుక్కెడు మంచినీళ్ళిమ్మని ఎదురుగా ఉన్న పాకలో అడిగారు. ఆ ఇల్లాలు లోపలికి వెళ్ళి, వట్టి చేతులతో వచ్చి పక్క పాకలోకి వెళ్ళింది. అక్కడా లేవు. దిబ్బ మొత్తం మీద గుక్కెడు మంచినీళ్ళు లేవు. చివరికి సిగ్గుతో తల వంచుకుని చెలమ నీళ్ళు చెంబుతో తెచ్చి ఇచ్చింది. ఆయన ఒక గుక్క నోట్లో పోసుకున్నారు. ఎదురుగా ఘటం ఉంది, ఉమ్మడానికి లేదు. కళ్ళు గట్టిగా మూసుకుని మింగారు. చెంబు తిరిగిచ్చేటప్పుడు ఆవిడ మొహం వైపు చూడలేకపోయారు.

ఆ రాత్రి మా ఇంట్లో పెద్ద గలాటా అయింది. అమ్మవారే నడిపించిందని మా తాతయ్య, పొగరెక్కి ఊరి కట్టుబాటు తప్పించిందని వచ్చినవాళ్ళు. మా మేనత్త గోడకి చేరగిలబడి కాళ్ళు చాపుకుని కూర్చుంది. నీళ్ళలో నాని, ఇసకలో కాలి, అరికాళ్ళు తెల్లగా ఉబ్బిపోయాయి. అంత అలసిపోయిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు. అందరూ వెళ్ళాక కాళ్ళు పిసుకుతూ అడిగాను, అమ్మోరు నీకు చెవిలో చెప్పిందా అత్తా అని.

"అమ్మోరేటి సెప్పనేదే గుంటా. ఆళ్లు బిందెలట్టుకుని నిలబడినారు. నాకు కనిపించినారు. కనిపించినాక ఎల్లకుండా ఎలగుంటాను?"

ఈ మాట ఎవరితోనూ అనొద్దని కూడా చెప్పింది. అమ్మవారు నడిపించిందనుకుంటేనే దిబ్బవాళ్ళకి పని జరుగుతుందని ఆవిడకి తెలుసు. తాను నడిచానని చెప్పుకుంటే మెప్పు రావచ్చు, బోరింగు మాత్రం రాదు. ఇంత ఆలోచన నాకు అప్పుడు అర్థం కాలేదు. ఎప్పుడో నాకు పిల్లలు పుట్టాక అర్థమైంది.

తర్వాత పల్లిసభ భాగవత టుంగి అరుగు మీద జరిగింది. టుంగి అంటే మా ఊళ్ళో ఒడియావాళ్ళు సాయంత్రాలు భాగవతం చదువుకునే గది. సభలో మగవాళ్ళే కూర్చునేవారు, మేం పిల్లలం స్తంభాల వెనక. నడివీధిలోనే బోరింగు అని అందరూ అనేశారు. దిబ్బ మన ఊరిది కాదు, కాలవతో మన హద్దు సరి అన్నారు. అప్పుడు మా తాతయ్య లేచాడు. పాపం, ఆయన నిజంగానే అమ్మవారు నడిపించిందని నమ్మినవాడు.

"అమ్మోరు ఎల్లిన ఈది మనది కాదంటే, మరి అమ్మోరు ఎవురిది బాబూ?"

అందరూ సర్పంచి గారి వైపు చూశారు. ఆయన కండువా దులిపి భుజాన వేసుకున్నారు. అమ్మవారి సంగతి ఎత్తలేదు, హద్దు సంగతీ ఎత్తలేదు.

"బోరింగు కాలవ గట్టునే ఎయ్యండి. ఆ నీల్లు నేను తాగినాను," అన్నారు.

అలా వచ్చింది ఆ బోరింగు. దిబ్బవాళ్ళ పేర్లు మా పంచాయితీలో ఎక్కడానికి ఇంకా ఏళ్ళు పట్టింది గానీ, ఆ వేసవి నుంచి వాళ్ళు మా నూతి దగ్గర నిలబడలేదు. పెద్దలు మాత్రం ఊరుకోలేదు. ఘటం మళ్ళీ దారి తప్పకుండా ఇంకో ఇంటికి అప్పగించారు. మా మేనత్త మరెన్నడూ ఘటం మోయలేదు. సంబరం వచ్చినప్పుడు మా గుమ్మంలో నిలబడి, వేరే ఆవిడ కాళ్ళ మీద పసుపు నీళ్ళు పోసేది. బాధపడ్డావా అని కోడలిగా వచ్చాక ఒకసారి అడిగాను. పడకేం, పడ్డాను అంది, అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నా నీరసానికి అసలు కారణం ఇప్పుడు చెప్తాను. దిబ్బ ఇప్పుడు దిబ్బలా లేదు. అన్నీ డాబాలు, ఇంటింటికీ కుళాయి, వాళ్ళకి సొంత వార్డు మెంబరు. ఆనాడు ఏడుస్తూ ముందుకొచ్చిన ముసలమ్మ మునిమనవడే ఆ మెంబరు. దిబ్బ అవతల రొయ్యల చెరువుల పక్కన రేకుల షెడ్లు లేచాయి. భంజనగర్ అవతల కొండల్లోంచి కూలికి వచ్చిన కుటుంబాలు వాటిలో ఉంటున్నాయి. కుళాయి గొట్టం అక్కడిదాకా పొడిగించమని వాళ్ళు అడిగితే దిబ్బవాళ్ళే అడ్డం పడ్డారు. "ఆళ్లు మన వార్డోళ్లు కాదు మామ్మా, బయటోళ్లు," అని ఆ కుర్రాడు నా అరుగు మీదే కూర్చుని చెప్పాడు. ఏరు దాటాక తెప్ప తగలేయడమంటే ఇదే. వినగానే కోపం రావాలి, రాలేదు. ఒళ్ళు బరువెక్కింది. మా మేనత్త పోగొట్టుకున్నది ఇందుకా అనిపించి ఆ పూట అన్నం సయించలేదు.

వాడికి పాత కథ చెప్పలేదు. చెబితే వినరు, విన్నా అది వేరు ఇది వేరు అంటారు. మర్నాడు ఆటోలో షెడ్ల దగ్గరికి వెళ్ళాను. మోకాళ్ళు సహకరించక ఒక షెడ్డు గుమ్మంలోనే కూలబడితే, భాష సరిగ్గా రాని ఒక పిల్ల గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. తాగాను. ఉప్పు. ఆ పిల్ల తల్లినడిగి ఒక డబ్బా నిండా ఆ నీళ్ళే పట్టించుకుని ఇంటికి తెచ్చాను. ఆ సాయంత్రం వార్డు పెద్దలు మా ఇంటికి వస్తే, ఆ నీళ్ళతోనే టీ పెట్టి అందరికీ ఇచ్చాను. మెంబరు ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టాడు. పాలు విరిగాయా మామ్మా అని అడిగాడు. "పాలు బాగానే ఉన్నాయి బాబూ. ఆ నీల్లు షెడ్ల కాడివి," అన్నాను. ఆ తర్వాత ఎవరూ హద్దుల మాట ఎత్తలేదు, గ్లాసులు మాత్రం నిండుగానే ఉండిపోయాయి.

గొట్టం పడుతుందో లేదో నాకు తెలీదు. ఆఫీసుల చుట్టూ తిరిగే ఓపిక నాకు లేదు, టేపు పట్టుకొచ్చేవాళ్ళతో వాదించే శక్తి అసలే లేదు. మా మేనత్తకీ ఆనాడు వాదన చేతకాలేదు. కనిపించినవాళ్ళ వైపు నడిచింది, ఊరినంతా వెనకాల నడిపించింది. అంత ఊరిని నడిపించే బలం నాకు లేదు. గ్లాసు చేతికిచ్చే బలం మాత్రం ఇంకా మిగిలి ఉంది. రేపు మళ్ళీ సభకి నా ఇంటికే వస్తారట. ఆ డబ్బాలో నీళ్ళు ఇంకా ఉన్నాయి, అయిపోతే మళ్ళీ వెళ్ళి తెచ్చుకుంటాను.